బ కు, భ కు తేడా కనిపించాలె

వేములవాడ హాస్టల్ నుంచి రాస్తున్న. మన గ్రూపుల స్కాలర్‌షిప్ ఆఖరు తేదీల గురించి రోజూ పోస్టులు వస్తయి. నేను చెప్పేది ఆ ఫారాలల్ల ఉండే అక్షరాల సైజు గురించి.

మా రూంల ఒక తమ్ముడున్నడు. చూపు తక్కువ. అద్దాలు పెట్టుకున్నా ఫోన్ ముక్కుకు ఆనించుకునే చదువుతడు. మొన్న ఒక అప్లికేషన్ నింపుదామని తెరిస్తే అక్షరాలన్నీ సన్నగ, లేత బూడిద రంగుల ఉన్నయి. పెద్దగ చేసే బటనే లేదు. ఫోన్ సెట్టింగుల సైజు పెంచితే పేరు డబ్బాల పట్టకుండ సగం తెగిపోయింది, సబ్మిట్ బటన్ మాయమైంది. చివరికి ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి నింపిచ్చుకున్నడు. ఆధార్, బ్యాంకు నంబరు, ఓటీపీ అన్నీ తెలియని మనిషి చేతిల పెట్టి. మనం ఇండ్లల్ల మొదటిసారి కాలేజీకి వచ్చినోళ్లం. ఏదన్న తప్పు పడితే సరిచేసి చెప్పేటోళ్లు తండాల ఎవరుంటరు?

మన ఇంటిపేర్లే చూడండి. మెమోల బూక్య, కులం సర్టిఫికెట్‌ల భూక్య. పేర్లు కలవకపోతే ఎంత తిరుగుడో మీకు నేను చెప్పక్కర్లేదు. సన్న అక్షరాలల్ల బ, భ ఒక్కతీరే ఉంటయి, చిన్న గీతలే తేడా. ఇంగ్లీషుకు ఒత్తులు, గుడులు లేవు. తెలుగుకు పైనా కిందా ఉంటయి గనుక అదే సైజుల తెలుగు ఇంకా ఇరుకైతది. లైన్ల మధ్య జాగ పెంచకుండ ఉట్టిగ అక్షరం పెంచితే ఒత్తులు కింది లైను మీద పడ్తయి.

ఇదేం కొత్త కోరిక కాదు. ప్రపంచమంతా పాటించే వెబ్ నియమాల ప్రకారం అక్షరాలు 200 శాతం పెంచినా పేజీల ఏ పనీ ఆగొద్దు. అక్షరం రంగుకు, వెనుక రంగుకు మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలె. మన దేశంల సర్కారు వెబ్‌సైట్లకు 2009లనే మార్గదర్శకాలు వచ్చినయి, 2023ల వాటి మూడో వెర్షన్ తెచ్చిన్రు. చాలా సర్కారు సైట్లల్ల పైన మూలకు అక్షరం పెంచే గుర్తు, నల్లటి మీద తెల్లగ చూపే గుర్తు ఉండేది అందుకే. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో మాట గట్టిగ చెప్పింది. యాసిడ్ దాడిల కండ్లు పోయినోళ్లు, చూపు లేనోళ్లు కెమెరా ముందు కన్నార్పలేక ఈ-కేవైసీ చేసుకోలేకపోతున్నమని పోయిన కేసు అది. డిజిటల్ సేవలు అందుడు 21వ అధికరణం కింద జీవించే హక్కుల భాగమేనని తీర్పిచ్చింది.

మన గ్రూపుల కూడా సర్క్యులర్లను ఫోటో తీసి పెడ్తరు. ఫోటోల అక్షరం మీద అక్షరం సైజు సెట్టింగ్ పనిచెయ్యది. గుంజి పెద్దగ చేస్తే మసకైతది, టాక్‌బ్యాక్ దాన్ని సరిగ చదవది. నా మటుకు నాకు సర్కారు సైట్ కంటే ఇది ముందు మారాలె, ఎందుకంటే మన చేతుల ఉన్నది ఇదే. ఫోటో పెట్టండి, కానీ కింద ఆఖరు తేదీ, కావాల్సిన కాగితాలు, ఫోన్ నంబరు టైప్ చెయ్యండి. రెండు నిమిషాల పని.

టైపింగ్ రానోళ్లు వాయిస్ పంపిన్రంటే నేను రాసి పెడ్త. రాత్రి ఎనిమిది తర్వాత ఖాళీగనే ఉంట.