152 దగ్గర ఆగిన అంకె

జూలై 9, 2024, మంగళవారం
పాతపట్నం

చెల్లి కూతురికి ఏడో నెల దాటీ దాటగానే కాన్పయింది. ఆడపిల్ల, 1,240 గ్రాములు. 108లో శ్రీకాకుళం తీసుకెళ్ళి పెట్టెలో పెట్టారు. "ఏటప్పా ఇది, ఓపాలి 140 అంటాది, ఓపాలి 165 అంటాది, గుంటకి ఏటైపోతాదో" అని ఫోన్లో చెల్లి ఒకటే ఏడుపు. గుండె వేగం అలా మారుతూ ఉండటమే మంచిది అన్నాను. నమ్మలేదు.

జూలై 12, శుక్రవారం

పొద్దున శ్రీకాకుళం ఆసుపత్రిలో బిడ్డ పక్కన నిలబడ్డాను. మానిటర్ మీద 152, 153, 152. మడమకు సూది గుచ్చినా అంకె కదల్లేదు. పరిమితి దాటితేనే అలారం, అందుకే మోగలేదు. పట్టిన పాలు అరగక కడుపులో మిగిలాయి. డ్యూటీ డాక్టరమ్మ నాకంటే ముందే గమనించింది. కల్చర్‌కు రక్తం పంపి, యాంటీబయాటిక్ మొదలుపెట్టింది. బంగారు తల్లి.

జూలై 13, శనివారం

వర్జీనియా విశ్వవిద్యాలయంలో గుండె డాక్టరు రాండల్ మూర్మన్, పసిపిల్లల డాక్టరు పమేలా గ్రిఫిన్ ఏళ్ళ తరబడి వెతికింది ఇలా కదలకుండా ఉండిపోయే అంకెనే. బాగున్న బిడ్డ గుండె ప్రతి స్పందనకూ వ్యవధి కాస్త మారుస్తుంది. నిద్ర, ఏడుపు, తాకిడి, దేనికి తగ్గట్టు దానికి నాడులు వేగాన్ని సర్దుతుంటాయి. రక్తంలో ఇన్ఫెక్షన్ చేరితే ఆ తేడాలు అణగిపోతాయి, మధ్యమధ్య వేగం ఉన్నట్టుండి పడి లేస్తుంది. పైకి జబ్బు కనబడకముందే, ఒక్కోసారి ఒక రోజు ముందే. వచ్చే 24 గంటల్లో ముప్పు ఎన్ని రెట్లో చెప్పే 'హీరో' స్కోరు అలా పుట్టింది. 2011లో ఫలితాలు వెల్లడైన పరీక్షలో అమెరికాలో 9 ఆసుపత్రుల నుంచి 3,003 మంది బాగా తక్కువ బరువు పిల్లలున్నారు. స్కోరు డాక్టర్లకు కనబడని పిల్లల్లో 10.2 శాతం పోతే, కనబడినవాళ్ళలో 8.1 శాతం. స్కోరుతో పాటు ఏ మందూ ఇవ్వమనలేదు. సమయానికి ఎవరో బిడ్డ వైపు తిరిగి చూశారు, అంతే. ఆ రెండు శాతం నాకు చిన్న లెక్కలా అనిపించదు.

జూలై 17, బుధవారం, తొలి ఏకాదశి

చెల్లి నీలమణి దుర్గ గుడికెళ్ళి మొక్కుకొచ్చింది. కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదు. ఇంత చిన్న ఒంట్లోంచి తీసే రక్తమే కొంచెం, కాబట్టి దాంతో ఏదీ గట్టిగా తేలదు. ఒక్క బిడ్డను చూసి సూత్రం చెప్పడమూ తప్పే. కానీ అంకె మళ్ళీ కదులుతోంది. పాలు పట్టేటప్పుడు 168, తల్లి గుండెల మీద పడుకోబెడితే 138. ఇప్పుడు చెల్లికీ ఆ హెచ్చుతగ్గులే ధైర్యం.

నన్ను తొలిచేస్తున్నది కేస్ షీటు. నర్సుగా నా సర్వీసంతా మేం గంటకో అంకె రాశాం. పన్నెండో తారీఖు షీటు తీస్తే 152, 150, 153. ఎవరు చూసినా అంతా బాగుందనే అనుకుంటారు. గంటకూ గంటకూ మధ్య ఏం జరిగిందో కాగితం మీద లేదు. ఐదు నిమిషాలు చూసి, ఎంతకు దిగింది, ఎంతకు ఎక్కింది, రెండూ రాస్తే? ఆ స్కోరు కట్టే కంప్యూటర్ ప్రతి స్పందననూ లెక్కిస్తుంది, దానికిది సాటి రాదు. సిస్టర్లకు పని పెరుగుతుంది కూడా. అయినా అడగాలి. కాగితం మీద గళ్ళు గీసి పెట్టాను. రేపు హెడ్ సిస్టర్‌కు చూపించి, డాక్టరమ్మ ఏమంటుందో కనుక్కుంటాను.