ముందు ఏది కావాలి?

చెడిపోయిన హార్డ్ డిస్కు పట్టుకుని ఎవరొచ్చినా ముందు కూర్చోమంటాను. "ఒకసారి పెట్టి చూడన్నా, శబ్దం వినిపిస్తాది" అంటూ వైరు అందుకుంటారు, పెట్టనివ్వను. ఊపిరి తీసుకున్నాక ఒకటే అడుగుతాను: ఇందులో మీకు ముందు ఏది కావాలి? దాదాపు అందరి జవాబూ ఒకటే. "అంతా కావాల సామీ."

అంతా రావచ్చు, రాకపోనూవచ్చు. చావుబతుకుల్లో ఉన్న డిస్కు ఇంకా ఎన్ని గంటలు తిరుగుతుందో దాన్ని తయారుచేసినవాడు కూడా చెప్పలేడు. ఉన్న గంటల్ని దేనికి ఖర్చుపెట్టాలో తేల్చడమే ఈ వృత్తిలో సగం పని. ఆ సగం నా ఒక్కడివల్ల అయ్యేది కాదు. అందులో ఏముందో, దేని విలువ ఎంతో తెలిసినవాళ్లు పక్కన కూర్చోవాలి.

డిస్కు లోపల నున్నటి పళ్లేలుంటాయి. ల్యాప్‌టాప్‌వైతే ఎక్కువగా నిమిషానికి 5,400 చుట్లు, డెస్క్‌టాప్‌వైతే 7,200 చుట్లు తిరుగుతాయి. చదివే హెడ్ పళ్లేన్ని తాకదు, దానిపైన కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతుంది. మన తలవెంట్రుక మందమే దాదాపు 80 వేల నానోమీటర్లు. ఇక దుమ్ము రేణువు ఆ సందులో ఎక్కడ పడుతుంది? 1 టీబీ డిస్కులో 512 బైట్ల సెక్టార్లు 195 కోట్ల 35 లక్షల పైచిలుకు. వాటిలో కొన్ని పాడవడం మామూలే. డిస్కు వాటిని పక్కనపెట్టి, రిజర్వులో ఉంచుకున్నవాటిని వాడుకుంటుంది, యజమానికి తెలియనే తెలియదు. అలా సర్దుకోలేని రోజు వచ్చేసరికి కంప్యూటర్ నత్తనడక పడుతుంది. ఫోల్డర్ తెరిస్తే ఆకుపచ్చ గీత కదలదు. చివరికి విండోస్ "ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి" అంటుంది. పాపం చాలామంది సరేనని నొక్కేస్తారు.

అంతదాకా డిస్కు మౌనంగా ఏమీ ఉండదు. స్మార్ట్ అని తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్క ఒకటుంది. అందులో 5వ నంబరు పక్కనపెట్టేసిన సెక్టార్లు, 197వ నంబరు చదవలేక పెండింగులో ఉంచినవి. ఆ 197 సున్నా దాటి రోజురోజుకీ పెరుగుతుంటే, కావలసినవి ఆరోజే వేరేచోటికి ఎక్కించుకోవాలి. ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాముతో ఎవరైనా చూసుకోవచ్చు. చూసుకునేవాళ్లు నా దగ్గరికి రారు, అది వేరే సంగతి.

నా దృష్టిలో ఈ పనికి పెద్ద శత్రువు ఎలుకో వానో కాదు, చెక్‌డిస్క్. ఫైళ్ల పట్టికలో లెక్క తప్పితే సరిచేయడానికి పెట్టిన పనిముట్టు అది. ఆరోగ్యంగా ఉన్న డిస్కుకు మంచిదే. చస్తున్న డిస్కు మీద వదిలితే గంటలతరబడి దాన్ని పరుగెత్తిస్తుంది, పైగా ఉన్న పట్టిక మీదే దిద్దుబాట్లు రాస్తుంది, ఎవరివో తేలని ముక్కల్ని ఫౌండ్ 000 అనే ఫోల్డర్లో పడేస్తుంది. దానికి మన ఫైళ్ల మీద ప్రేమేం లేదు, లెక్క సరిపోవాలి, అంతే. ఇక డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తెచ్చేవాళ్లు! పాత కాలపు డిస్కులకు ఎక్కడో ఎప్పుడో పనిచేసిన చిట్కా అది. తిరుపతి ఎండలోకి తీసిన మరుక్షణం దానికి చెమ్మ పడుతుంది.

నేను ముందు చేసేది నకలు. అసలు డిస్కు మీద ఏ మరమ్మతూ ఉండదు. అందులోని సెక్టార్లను ఉన్నవి ఉన్నట్టు మంచి డిస్కులోకి దించి, తర్వాతి పనంతా ఆ నకలు మీదే. ఇందుకు వాడేది జీఎన్‌యూ డీడీరెస్క్యూ, ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసి ఉచితంగా అందరికీ ఇచ్చిన ప్రోగ్రాము. మామిడితోటలో చేతికందే కాయల్ని ముందు తెంపి, చిటారుకొమ్మలకు చివర్లో దోటి వేసినట్టుగా ఉంటుంది దాని పద్ధతి. సులువుగా చదవగలిగినదంతా మొదటి విడతలో లాగేస్తుంది, మొరాయించిన చోట ఆగకుండా దూకి ముందుకు పోతుంది. వదిలేసిన చోట్ల అంచుల్ని తర్వాత గోకుతుంది. ఎక్కడిదాకా వచ్చిందీ మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటినుంచే మొదలు. ఎండాకాలం మా వీధిలో ఆ సదుపాయం విలువ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. బాగున్న 1 టీబీ డిస్కుకు సెకనుకు 100 ఎంబీ చొప్పున మూడు గంటల్లోపే నకలు తీయొచ్చు. చెడ్డది ఒక్కో సెక్టార్ దగ్గర ఐదేసి సెకన్లు నీలిగిందనుకోండి, అలాంటివి లక్ష ఉన్నాయనుకోండి, అక్కడికే ఆరు రోజులకు దగ్గర.

ఆ ఆరు రోజులూ అది బతకదని అనుమానం వస్తే దారి మార్చాలి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక ఉంటుంది, ఎంఎఫ్‌టీ అంటారు. మామూలుగా పార్టిషన్ మొదటినుంచి 3 జీబీ దూరంలో మొదలవుతుంది. ముందు దాన్ని లాగుతాను. అది చేతికొస్తే చాలు, ఫైళ్లు ఇంకా రాకపోయినా వాటి పేర్లు తెర మీద కనిపిస్తాయి. అప్పుడు యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ అదే ప్రశ్న వేస్తాను. ఈసారి "అంతా" అనడం కుదరదు.

తోతాపురి సీజన్లో చిత్తూరు వైపునుంచి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అకౌంటెంటు ఒకాయన వచ్చాడు. రైతుల తూకాలు, చెల్లింపులు అన్నీ ట్యాలీలోనే. 20వ తేదీకి జీఎస్‌టీఆర్-3బీ వేయాలి, ఆ తేదీ నెత్తిమీద ఉంది. జాబితా చూపిస్తే "మా కంపెనీ పేరుతో ఫోల్డరే లేదే!" అని గాభరా పడ్డాడు. ట్యాలీ కంపెనీని పేరుతో దాచదు. 10000, 10001 అంటూ అంకెల ఫోల్డర్లలో పెడుతుంది. తేదీలు చూసి ఏది ఏ సంవత్సరానిదో పట్టుకోవాలి. ఒక్కోదాన్నీ పోల్చుకుంటూ పోయి, "ఇది పోయిన ఏడాదిది, వదిలేయన్నా. రైతులకు ఇంకా ఇయ్యాల్సిన దుడ్లు ఇందులో ఉండాయి" అని ఒక అంకె మీద వేలు పెట్టాడు. చిన్న ఫోల్డరు, టీ తాగేలోపు వచ్చేసింది. మిగతాది ఓపిగ్గా లాగుతుండగా మరునాడు ఆ డిస్కు ఆగిపోయింది, మళ్లీ లేవలేదు. ఆయన బాధపడ్డట్టు కూడా కనిపించలేదు.

ఫొటో స్టూడియోవాళ్లకు మాత్రం ఈ ప్రశ్న గొంతులో పడుతుంది. తిరుమలలో పెళ్లి చేసుకుని వెళ్లిపోయే తమిళులు, కన్నడిగులు ఎందరో. ఫొటోలు తీసేది ఇక్కడివాళ్లు. కెమెరా కార్డు ఖాళీచేసి మరునాటి ముహూర్తానికి వాడేసి ఉంటారు, ఉన్న ఒక్క ప్రతీ డిస్కులోనే. అది తిరుగుతుండగా బల్లమీంచి పడితే హెడ్ పళ్లేనికి కొట్టుకుంటుంది. అలా పడ్డదాన్ని తెచ్చిన దంపతులతో వరస తేల్చడానికి ఒక పూట పట్టింది. ఆల్బమ్ ఇచ్చేసినవి చివరికి తోశాం. బాకీ రావలసినవి ముందు అన్నాడు ఆయన. "ఆ పెండ్లికూతురి నాయన మొన్న పోయినాడు కదా, అది ముందు తీయించు" అంది ఆవిడ. ఆవిడ మాటే నెగ్గింది. తలంబ్రాల ఫొటో పై సగం వచ్చి కింది సగం బూడిదరంగులో ఆగిపోతే, ఆ సగాన్నీ పారేయకుండా ఇమ్మన్నారు.

2021 నవంబరు 18న తిరుపతిని వాన ముంచెత్తినప్పుడు సెల్లార్లలోని కంప్యూటర్లు నీళ్లలో నానాయి. బియ్యం డబ్బాలో పెట్టీ, మిద్దె మీద ఎండబెట్టీ డిస్కులు తెచ్చారు. తడిసిన డిస్కును ఆరబెట్టకూడదంటే ఎవరూ నమ్మరు. హీలియం నింపి మూసినవి తప్పిస్తే, డిస్కు మూతకు గాలాడే చిన్న రంధ్రం ఉంటుంది. బురదనీరు దానిగుండా పోతుంది, ఎండితే మట్టీ ఉప్పూ పళ్లేనికి అంటుకుపోతాయి. తడిని తడిగానే గాలి చొరని కవరులో కట్టి ల్యాబుకు పంపాలి, కరెంటు మాత్రం ఇవ్వకూడదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో రికార్డులు తగలబడ్డాక కొన్నాళ్లు అందరూ కాలిన డిస్కుల గురించి అడిగారు. ముందు పోయేది బయటి బోర్డు, ప్లాస్టిక్కు. లోపలి పళ్లెం మిగిలితే ఆశ ఉన్నట్టే. కానీ అది నా బల్ల మీద తేలే పని కాదు.

సులువైన గెలుపులూ లేకపోలేదు. టేబుల్ మీద పెట్టుకునే పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కుకు 12 వోల్టులు కావాలి. పిన్ను పడుతుంది కదా అని 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టర్ గుచ్చుతారు. బోర్డు మీద టీవీఎస్ డయోడ్ అనే చిన్న నల్ల ముక్క షార్టయి, తను పోయి మిగతావాటిని కాపాడుతుంది. దాన్ని ఊడదీస్తే చాలాసార్లు డిస్కు లేచి తిరుగుతుంది, డేటా దించుకునేంతవరకు చాలు. ఇంకో డిస్కు బోర్డు తెచ్చి బిగిస్తే సరిపోతుందని యూట్యూబ్ చూసి వచ్చేవాళ్లతోనే చిక్కు. ఇప్పటి డిస్కుల్లో బోర్డు మీది రోమ్ చిప్‌లో ఆ ఒక్క డిస్కుకే చెందిన కొలతలుంటాయి, చిప్‌నూ ఊడదీసి మార్చాలి.

టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంటే ఎక్కువగా హెడ్ పోయినట్టు. అప్పుడు మూత విప్పాలి, విప్పడానికి దుమ్ములేని గది, అదే మోడల్ డోనర్ డిస్కు కావాలి. నేను విప్పను. చెన్నైకో బెంగళూరుకో పొమ్మంటాను. అక్కడి బిల్లు కొత్త ల్యాప్‌టాప్ ధర దాటడం అరుదేమీ కాదు, అదీ ముందే చెబుతాను. ఎస్ఎస్‌డీలో డిలీట్ అయినవాటి గురించి మాత్రం ఆశ పెట్టను. ట్రిమ్ అనే ఏర్పాటు ఉన్నచోట ఆ జాగాను డిస్కే తుడిచేసుకుంటుంది. భర్త ల్యాప్‌టాప్‌ను భార్యా, అన్నది తమ్ముడూ తెస్తే యజమానిని రమ్మంటాను. అందుకు కోపాలు వస్తాయి.

పోయినేడు రిటైరైన తెలుగు పండితుడు ఒకాయన డీటీపీ సెంటర్ అమ్మాయితో కలిసి వచ్చాడు. ఈ ప్రాంతపు సామెతలు పోగుచేసిన పుస్తకం, చాలావరకు టైపయింది. ఫార్మాట్ కొట్టి, మళ్లీ విండోస్ ఎక్కించిన డిస్కు. "రాగిరేకుల మీద చెక్కించి ఉంటే అన్నమయ్య పదాల మాదిరి నిలిచేది" అని నిట్టూర్చాడు. అన్నమయ్య 32 వేలు రాశాడంటారు, దొరికినవి సగంలోపే కదా అన్నాను. ఆయన నవ్వాడు.

పాత పట్టిక చాలాభాగం చెరిగిపోయింది. అలాంటప్పుడు క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ఫొటోరెక్ దిక్కు. అది పట్టికను చూడదు, డిస్కంతా గాలించి ఫైళ్ల ఆనవాళ్లు పట్టుకుంటుంది. జేపెగ్ ఫొటో ఎఫ్ఎఫ్ డీ8 అనే గుర్తులతో మొదలవుతుంది, పాత వర్డ్ ఫైలు డీ0 సీఎఫ్‌తో. ఫైళ్లు వస్తాయి, పేర్లు రావు, అన్నీ అంకెలే. వేల ఫైళ్లు: శుభలేఖలు, కర్మక్రియల కార్డులు, ఎన్నికల కరపత్రాలు. "సామెత" అని వెతికితే ఒక్కటీ తగల్లేదు. అనూ ఫాంట్లలో టైపు చేసింది యూనికోడ్ తెలుగు కాదు, ఫాంటు తీసేస్తే అంతా ఇంగ్లిషు గుర్తుల కలగూరగంప. కాబట్టి పదాన్ని అనూలో కొట్టి, నోట్‌ప్యాడ్‌లో అతికించి, అక్కడ కనిపించే పిచ్చి గుర్తులనే వెతకాలి. పుస్తకంలో తప్ప ఇంకెక్కడా ఉండని మాట ఒకటి చెప్పమన్నాను. ఆలోచించి "కపిల" అన్నాడు, ఎడ్లతో నీళ్లు తోడే పాత కాలపు కపిల. వెతికితే ఊళ్లో సగం శుభలేఖలు తగిలాయి. కపిలతీర్థం రోడ్డు ఉందన్న సంగతి ముగ్గురం మరిచాం. ఈసారి అమ్మాయే "గుంటక ఏయండి సార్, పెండ్లి కార్డులో గుంటక ఎందుకుంటాది" అంది. గుంటకకు గుప్పెడు ఫైళ్లు దొరికాయి, అన్నీ పుస్తకానివే. ఒక అధ్యాయానికి చివరి పేజీలు లేవు. "అవి నోటికి ఉన్నాయిలే" అని పండితుడు అక్కడే కుర్చీ లాక్కుని చెప్పడం మొదలుపెట్టాడు, అమ్మాయి నా కీబోర్డు ముందుకు జరుపుకుంది. నా కంప్యూటర్లో అనూ లేదని చెప్పేసరికి అప్పటికే నాలుగు సామెతలు అయిపోయాయి.