నల్ల కవరు

వెలుగు పడితే చెడిపోయే కాగితాన్ని కాపాడటం, అదే మా నాయన చదువు. బడి ముఖం చూడని మనిషి. దేవరకొండ తట్టు నుంచి సాగర్ రోడ్డు పట్టుకొని వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్టూడియోలో డార్క్‌రూం పనికి కుదిరిండు. కోచింగ్ సెంటర్ల పిల్లలకు అప్లికేషన్ ఫోటోలు కావాలి. పని ఎక్కువైతే ఇంటికి తెచ్చేవాడు. ఎల్.బి.నగర్‌లో మాది ఒకటే గది. కిటికీకి నల్లగుడ్డ కడితే అదే డార్క్‌రూం. ఎర్ర బల్బు కిందనే మేం నిద్రపోయేవాళ్ళం.

గదిలో మంచి చోటు బ్రోమైడ్ పేపరుదే. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ తయారుచేసిన 'ఇందు' పేపరు. 1960లో సర్కారు పెట్టిన ఆ కంపెనీ ఇప్పుడు మూతబడింది. కాగితాలు నల్ల కవరులో, కవరు అట్టపెట్టెలో, పెట్టె ఇనుప ట్రంకులో. పొయ్యి సెగ తగలొద్దు, చెమ్మ తగలొద్దు, మందునీళ్ళ డబ్బాల పక్కన ఉండొద్దు. ఒక కాగితం తీస్తే కవరు మడత పెట్టినంకనే ఇంకో పని. వేడికి కూడా కాగితం మసకబారుతుంది. అందుకే ట్రంకు ఇటుకల మీద, చల్లటి మూలన ఉండేది.

1999లో నేను నాలుగో తరగతి. ఓనరమ్మ "మీరు ఏమోళ్ళు?" అంటే నాయన ఊరి పేరు చెప్పి తప్పించుకునేవాడు. రాత్రి దీపం తీసి ఏదో చేస్తున్నం, పుల్లటి వాసనొస్తున్నది. ఓ పగటిపూట వచ్చి ట్రంకు తీయించింది.

"గొడ్డుకూర దాస్తుండ్రా ఇండ్ల?"

"అమ్మా, తెర్వకుండ్రి, ఎలుతురు తగుల్తే ఖరాబైతది" అని మా అమ్మ బతిమాలింది. ఆమె కవరు చింపి గచ్చు మీద గుమ్మరించింది. నూరు కాగితాలు. చూడటానికి తెల్లగనే ఉన్నయి. రాత్రి నాయన ఒక ముక్క డెవలపర్‌లో వేస్తే బొగ్గులెక్క నల్లబడ్డది. ఆ పైసలు జీతంలో కోసుకున్నరు. నెల తిరక్కుండా గది ఖాళీ చేసినం.

డిగ్రీలో కెమిస్ట్రీ చదివితే తెలిసింది. వెండి లవణాన్ని ఆ కాగితానికి పట్టి ఉంచేది జెలటిన్. పశువుల తోలు, ఎముకలు ఉడకబెట్టి తీసేది. 1871లో ఇంగ్లండులో మాడక్స్ అనే డాక్టరు ఫోటో పలకలకు జెలటిన్ వాడొచ్చని చూపించిండు. తర్వాత ఫిలిమూ ప్రింటు కాగితమూ దాని పూతతోనే వచ్చినయి. మా తాత చచ్చిన గొడ్ల తోలు ఒలిచినోడు. ఊరు ఆయన్ను ముట్టుకోలేదు. ఓనరమ్మ దేవుడర్రలో దండ వేసిన మామగారి బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఉండేది. మా ట్రంకులో ఆమె వెతికిన గొడ్డు ఆమె దేవుడర్రలోనే ఉన్నది.

ఇప్పుడు సర్కారు బడిలో పదో తరగతికి పాఠం చెప్తున్నాను. సిల్వర్ బ్రోమైడ్ వెలుగుకు విడిపోతుందని చెప్పి ఆగను. దాన్ని పట్టి ఉంచేది ఏమిటో, ఆ తోలు ఎవరి చేతులు ఒలిచినయో కూడా చెప్తాను. "మా తాత గూడ తోలు పనే చేసిండు సార్" అని ఎవరన్నా అంటే, ముందుకొచ్చి ఆ పని ఎట్ల చేస్తరో క్లాసుకు చెప్పమంటాను.