ముల్లును నమ్మి బయలుదేరవద్దు

మొన్న వేసవిలో మా అక్క కుమారుణ్ణి సాగనంపడానికి చిత్తూరు నుండి పూతలపట్టు, చంద్రగిరి మీదుగా రేణిగుంట విమానాశ్రయానికి వెళ్ళాము. అతడు విమానం నడపడం నేర్చుకొంటున్నాడు. దారిలో మా కారు ముల్లు సగం చూపుతున్నది కదా అని పెట్రోలు బంకు దాటిపోయాము. అతడు నవ్వి, "మేమైతే ముల్లును నమ్మి ఎగరము మామా" అన్నాడు.

అతడు నేర్చుకొనేది సెస్నా 172 అనే నాలుగు సీట్ల విమానం. దాని ఇంధనపు ట్యాంకులు రెండు రెక్కలలో ఉంటాయి. ఎగిరే ముందు పైకెక్కి, మూత తీసి, గీతలున్న పుల్ల ముంచి, ఎంత తడిసిందో చూస్తారు. తరువాత ట్యాంకు అడుగు నుండి కొంచెం ఇంధనం గాజువంటి గిన్నెలోకి దించి వెలుతురులో పరీక్షిస్తారు. నీరు పెట్రోలుకన్నా బరువు గనుక అడుగున చేరుతుంది. అది ఇంజనులోకి పోతే ఇంజను ఆగిపోవచ్చు. చివరిగా మూత బిగించారో లేదో మళ్ళీ చూడాలి.

పెద్ద విమానాలకూ ఈ తిప్పలు తప్పలేదు. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767లో ఇంధనపు మీటర్లు పనిచేయలేదు. పుల్లతో కొలిచారు గాని, లెక్కలో కిలోలకు బదులు పౌండ్లు పడ్డాయి. కావలసినదానిలో సగం కూడా లేకుండానే ఎగిరింది. ఎగురుతుండగానే ఇంధనం అయిపోయింది. పైలట్లు గాలిలో జార్చుకుంటూ గిమ్లీ అనే ఊరి పాత విమాన స్థావరంలో దించారు. అందులోని 69 మందీ బ్రతికారు.

అది వింటూ మేము మౌనంగా ఉండిపోయాము. చాలా ఏండ్ల క్రితం, జ్వరంతో మూలుగుతున్న మా చిన్నవాణ్ణి ఎరువు జీపులో పీలేరు నుండి తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోతున్నాము. ముల్లు పావు ట్యాంకు చూపింది. అది ఎప్పుడో ఇరుక్కుపోయిన ముల్లు. భాకరాపేట కనుమలో, రాత్రివేళ, జీపు ఆగిపోయింది. మూత తీసి చూడడానికి అర నిమిషం పట్టేది, చూడలేదు. తప్పు మాదే. రెండు గంటల తరువాత మదనపల్లె టమాటాల లారీ ఒకటి ఆగి మమ్మల్ని ఎక్కించుకొన్నది. బిడ్డ దక్కాడు. కనుమలో లారీ వచ్చింది. ఆకాశంలో ఎవరు వస్తారు?

తిరుగు దారిలో రేణిగుంట బంకులో ఆగాము. ముల్లు ఇంకా సగం మీదనే ఉన్నది. కిలోమీటర్లు లెక్క వేసి చూస్తే అంత ఉండడానికి వీలు లేదు.