పలనాటి దారిలో

మావారి బడికి రెండు దినములు సెలవు దొరకగా, ఈ ఫాల్గుణమున మేము నరసరావుపేటనుండి మాచెర్లకు బయలుదేరి పలనాటిసీమను జూచి వచ్చితిమి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు దాటినది మొదలు దారి కిరుప్రక్కల ఎఱ్ఱని మిరపకల్లములు, నాపరాతి గోడల యిండ్లు, ప్రత్తిచేలు. ఎండ యప్పుడే నిప్పులు చెరుగుచుండెను.

ఈ సీమవారికి సర్కారు పని యన్న నొకప్పుడు పెద్ద ప్రయాణమే. కలెక్టరు కచ్చేరి గుంటూరున నుండెడిది. మాచెర్లకది నూరు కిలోమీటర్లకు మించిన దూరము. 2011లో మీసేవ కేంద్రములును, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములును ఆరంభమై, కుల, ఆదాయ ధ్రువపత్రములను ఊళ్ళకు చేరువ చేసినవి. 2022 ఏప్రిల్ 4న పలనాడు జిల్లా యేర్పడి, నరసరావుపేట ముఖ్యపట్టణమైనది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ యను పేర వాట్సాపులోనే 161 సేవలు మొదలైనవి. దారిబత్తెము కట్టుకొని పోవలసిన పనులనేకము లిప్పుడు ముంగిటనే తీరుచున్నవి.

గురజాలలో దిగితిమి. నలగామరాజు రాజధాని యిదియే. నాయకురాలు నాగమ్మ మంత్రాంగము నెఱపిన దిచ్చటనే యని వీరగాథ. ఆమెను మెచ్చువారును గలరు, నిందించువారును గలరు. రాజ్యపు పనులొక స్త్రీ చేతిమీదుగా నడచెనను మాటను మాత్రము ఈ సీమ మఱచిపోలేదు.

ఆ దాపుననే యొక పల్లెలో, కంప్యూటరు ముందొక యిల్లాలు కూర్చుండియుండెను. కూతురి చదువునకు ఆదాయ ధ్రువపత్రము కావలెనట. దరఖాస్తు నిమిషములలో నిండినది గాని, ఓటీపీ కొఱకు పని నిలిచిపోయినది. ఆధారునకు జతపఱచిన ఫోను ఆమె మఱదిది. ఆతడు హైదరాబాదులో పనిలో నుండి పలుకలేదు. వ్రేలిముద్ర వేయుదమన్న, ఏండ్లతరబడి మిరపకాయలు కోసిన వ్రేళ్ళ గీతలు యంత్రమునకు కానరాలేదు. “పేరు నాది, బిడ్డ నాది, వూరు నాది, అడిగేది మాత్రం మా మరిది ఫోన్నటమ్మా!” అని యామె నవ్వినది. మేము నవ్వలేకపోతిమి. మధ్యాహ్నము దాటి మఱది పలికిన పిదపనే పని జరిగినది.

మాచెర్ల చెన్నకేశవస్వామిని దర్శించుకొనునప్పుడును మాకీ తలపు వదలలేదు. సోదరీమణులారా! కచ్చేరి మన గుమ్మములోనికి వచ్చినది నిజమే. దాని తలుపు తెఱచునవి ఆ యాఱంకెలు. అవి యెవరి ఫోనునకు వచ్చునో పనియు వారి చేతిలోనే యున్నది. చదువు వచ్చిన మన యిండ్లలో సైతము ఆ ఫోను తఱచుగా మనది కాదు.

ఆధారు కేంద్రమునకు స్వయముగా పోయి మన ఫోను సంఖ్యను జతచేయించుకొనవచ్చును. వ్రేలిముద్రలను మరల తీయించుకొనవచ్చును. రసీదులోని దరఖాస్తు సంఖ్యను ఇంటి పద్దుపుస్తకమున వ్రాసి యుంచుకొనుడు. పని యెంతవరకు వచ్చెనో మీరే తెలిసికొనవచ్చును. ఓటీపీని ఫోనులో నడిగినవారి కెవ్వరికిని చెప్పకుడు. పొరుగున చదువురాని యమ్మ యున్నచో, ఆధారు కేంద్రమునకు పోవు దినమున ఆమెను గూడ వెంటబెట్టుకొని పొండు.