రక్తంలోకి ఎక్కించింది ఒంటికి పడుతుందా?

కాస్త నీరసంగా ఉంటే చాలు, "ఒక సీసా ఎక్కించండి డాక్టరు గారూ" అని అడగడం మనవాళ్ళకి ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. ఐదు శాతం గ్లూకోజు అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. వంద కేలరీలు కూడా రావు. తియ్యగా కలిపిన గ్లాసుడు నిమ్మరసం తాగితే సరిపోయేదానికి సూది పోటు అదనం. అది చాలదన్నట్టు, ఇప్పుడు "బలం సీసా" పేరుతో అమైనో ఆమ్లాలు కూడా ఎక్కించుకుంటున్నారు. తిన్నదైతే అరగకపోవచ్చు, నేరుగా రక్తంలోకి పోసింది ఎక్కడికి పోతుంది, ఒంటికి పట్టాల్సిందేగా అని వీళ్ళ లాజిక్కు.

వినడానికి బానే ఉంది. కానీ పోతుంది, అదీ మూత్రంలోకి.

చక్కెర ఎక్కువైతే గ్లైకోజెన్‌గానో కొవ్వుగానో దాచుకోవడానికి ఒంట్లో చోటుంది. అమైనో ఆమ్లాలకి అలాంటి గోడౌన్ లేదు. మన భాషలో చెప్పాలంటే డిస్కు లేదు, ఉన్నదంతా ర్యామే. కండకో ఎంజైముకో అప్పటికప్పుడు వాడుకోగలిగినంత వాడుకుని, మిగిలినదాన్ని కాలేయం విరగ్గొడుతుంది. కార్బన్ భాగం ఇంధనంగా కాలిపోతుంది. నత్రజని భాగం అమ్మోనియా అవుతుంది. అది విషం కాబట్టి వెంటనే యూరియాగా మార్చి కిడ్నీలకి అప్పజెబుతుంది. ఈ చక్రాన్ని 1932లో క్రెబ్స్, హెన్సెలైట్ కనిపెట్టారు. (పొలంలో చల్లే యూరియా, ఇదీ ఒకటే అణువు. ఎరువుల కొట్టు దగ్గర క్యూలో నిలబడే రైతుకి ఈ సంగతి చెబితే ఏమంటాడో!)

మరి అమైనో ఆమ్లాలు అలాగే బయటికి పోవా అంటే, మామూలుగా అయితే చాలా తక్కువ. కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడపోసి, అందులోని అమైనో ఆమ్లాల్ని ఇంచుమించు అన్నిటినీ వెనక్కి లాక్కుంటాయి. లాక్కునే ప్రోటీన్లకి ఓ పరిమితి ఉంది, మన కనెక్షన్ పూల్ లాగా. సీసాని గబగబా ఎక్కించేస్తే పూల్ నిండిపోయి మిగిలింది కారిపోతుంది. రూపం కూడా ముఖ్యమే. తొలిరోజుల్లో ఎల్, డి రూపాలు కలిసిన ద్రావణాలు వాడితే, డి రూపం చాలామటుకు మూత్రంలోనే తేలింది. టైరోసిన్ నీళ్ళలో సరిగా కరగదని దానికి ఎసిటైల్ తోక తగిలించారు. కరిగింది గానీ, ఆ తోకని శరీరం సరిగ్గా విప్పలేక చాలా భాగాన్ని అలాగే పంపేసింది. డేటా చేరింది, ఫార్మాటు అర్థం కాలేదన్నమాట.

మా మామయ్యకి పేగు ఆపరేషన్ అయినప్పుడు కొన్నాళ్ళు మొత్తం తిండి నరం ద్వారానే. 24 గంటల మూత్రం పట్టమన్నారు. "ఇంత ఖరీదైన సీసాలు పెడుతూ మూత్రం ఎందుకు కొలుస్తున్నార్రా?" అంది అత్తయ్య. ఒంటికి పడుతోందో లేదో తేలేది అక్కడేనని కాగితం మీద లెక్క వేసి చూపించా. రోజుకి 70 గ్రాముల అమైనో ఆమ్లాలంటే 6.25తో భాగిస్తే సుమారు 11 గ్రాముల నత్రజని లోపలికి. మూత్రంలో యూరియా నత్రజని 12, మిగతా దార్లకి ఓ 4, మొత్తం 16 బయటికి. రోజుకి 5 గ్రాముల లోటు, అంటే దాదాపు 150 గ్రాముల కండ కరుగుతోంది. అత్తయ్య కాగితం కేసి చాలాసేపు చూసి, "అయితే ఇంకో సీసా పెట్టమందామా?" అంది.

అక్కడే ఉంది తిరకాసు. పెద్ద ఆపరేషన్ తరవాత శరీరం తన కండని తనే కరిగించుకుంటుంది. ఆ స్థితిలో ఒక హద్దు దాటి అమైనో ఆమ్లాలు పోస్తే పెరిగేది యూరియానే. వాటితోపాటు చక్కెర, కొవ్వు కూడా ఇవ్వాలి, లేకపోతే ఇటుకల్ని పొయ్యిలో పెట్టినట్టే. 1968లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డడ్రిక్ బృందం బీగిల్ కుక్కపిల్లల్ని నోటి తిండి లేకుండా పెంచి చూపించింది ఇలాగే: గుండె దగ్గరి పెద్ద సిరలోకి, గాఢమైన చక్కెరతో కలిపి, నెమ్మదిగా. మామయ్యకి కూడా సీసాలు పెంచలేదు, కేలరీలు సరిచేశారు. వాపు తగ్గి, మంచం దిగి నాలుగడుగులు వేయడం మొదలెట్టాకే ఆ లోటు పూడింది.

ఇక ఆరోగ్యంగా తిని తిరిగేవాళ్ళ సంగతి. పది శాతం ద్రావణం 200 మిల్లీలీటర్లలో ఉండేవి 20 గ్రాములు, అంటే మూడు కోడిగుడ్ల ప్రోటీను. గుడ్లయితే పేగూ కాలేయమూ తీరిగ్గా చూసుకుంటాయి. సీసా అయితే గంటలో అయిపోవాలని క్లాంపు వదిలేస్తారు. కిడ్నీలు ఇప్పటికే దెబ్బతిన్నవాళ్ళు మాత్రం ఇది సరదాకి కూడా అడక్కండి, ఆ యూరియాని బయటికి తోయాల్సింది అవే.