అల్మారా మీది ఆంప్లిఫయర్

మన షోలాపూర్ ఇండ్లల్ల పాటల డబ్బాకు ఒకటే జాగా, ఇనుప అల్మారా నెత్తి. ఆంప్లిఫయర్ అక్కడ, దాని మీద డీవీడీ, దాని మీద కేబుల్ డబ్బా, అన్నిటి మీద కుట్టుపూల గుడ్డ. స్పీకర్లు రెండూ కప్పుకు ఆనుకొని చెరో మూలకు. చూడటానికి బాగనే ఉంటది, పిల్లల చేతికి అందదు. కాని ఆంప్లిఫయర్‌కు గాలి ఆడదు, కింద కూర్చున్నోళ్లకు పాట సరిగ్గ అందదు.

నేను ముప్పై ఏండ్లకు పైగా సాంచాల మీద పనిచేసిన. మోటరు ఎట్ల వేడెక్కుతదో, దూది దుమ్ము ఎక్కడెక్కడ దూరుతదో ఒకరు చెప్పే పని లేదు. ఆంప్లిఫయర్ సంగతీ అంతే. అది గుంజే కరెంటుల కొంత పాటవుతది, మిగిలింది వేడి అవుతది. ఆ వేడిని గాలికి వదలడానికే లోపల అల్యూమినియం రెక్కలుంటయి. పైన జానెడు, పక్కలకు నాలుగు వేళ్ల ఎడం ఇయ్యాలె. ముందు గదిలో సాంచాలు నడిచే ఇండ్లల్ల దూది ఆ కంతల మీద పొర లెక్క పేరుకుంటది. నెలకోసారి ప్లగ్గు పీకి, పొడి కుంచెతోటి దులపాలె. కుట్టుపూల గుడ్డ మీద అంత ప్రేమ ఉంటే డబ్బా చల్లారినంక కప్పండి, ఎవరొద్దన్నరు?

పాత క్యాసెట్లు వినేటోళ్లు ఇంకొకటి చూడాలె. ఆంప్లిఫయర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే టేప్ రికార్డర్ పెడితే పాట వెనక గుయ్యిమని మోత వస్తది. టేపును మూరెడు దూరం జరిపితే చాలాసార్లు తగ్గుతది. కరెంటు వైరును, పాట వచ్చే సన్న వైరును కలిపి కట్టొద్దు.

గణపతి పండుగకు పిలగాండ్లు ఒక్క ఆంప్లిఫయర్‌కే డబ్బా మీద డబ్బా కలుపుతరు. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు పక్కపక్కన కలిపితే 4 అవుతది, నాలుగు కలిపితే 2. వెనక 4 నుంచి 8 అని రాసి ఉన్న డబ్బాకు 2 తగిలిస్తే, అది మోయలేని బరువు మోసినట్టే. కాలిన వాసన అందుకే.

ఇవన్నీ మెకానిక్ కూడ చెప్తడు. ఆయన అడగని సంగతి ఒకటుంది: ఇంట్ల పాట ఎక్కువ వినేదెవరు? మా ఇంట్ల అయితే మా ఆమె. పొద్దుటి నుంచి తునికాకు కత్తిరించుకుంట, బీడీలు చుట్టుకుంట, చాట ఒడిలో పెట్టుకొని కింద కూర్చుంటది. ఆమె చెవి నేలకు రెండు రెండున్నర అడుగుల ఎత్తుల ఉంటది. స్పీకర్‌లో చిన్న గిన్నె ఉంటది చూడండి, ట్వీటర్ అంటరు. సన్నటి శబ్దాలు దాని నుంచి సూటిగ పోతయి. కప్పు దగ్గర పెడితే ఆ సన్నదనం ఎదుటి గోడకు పోతది, కిందికి వచ్చేది మొద్దు మోత.

మా వంటోళ్లకు ఇది ఇంకా ముఖ్యం. సాంచాల షెడ్డుల పక్కోడితో చేతి సైగల మీదనే మాట్లాడినం కద. ఆ చప్పుడు ముందుగాల సన్న శబ్దాలు వినే శక్తిని తింటది. మాట వినపడతది, ఏమన్నరో తెలియదు. స, త, ప వంటి అక్షరాలు జారిపోతయి. అప్పుడు మనోళ్లు చేసే పని ఒకటే, వాల్యూమ్ పెంచడం. రెండింతలు గట్టిగ వినపడాలంటే ఆంప్లిఫయర్ సుమారు పదింతల వాట్లు ఇయ్యాలె. డబ్బా కాగుతది, మాట మాత్రం తేట కాదు.

"నువ్వు వింటున్నవా, వాడకు వినిపిస్తున్నవా?" అని మా ఆమె. "తాతా, జరంత తగ్గించవా, లెక్కలు చేస్తున్న" అని మనుమరాలు. పిల్లకు మార్చిలో పదో తరగతి పరీక్షలు. ఒక్కటే గది. గోడ అవతల పక్కింటి పసిపిల్ల.

అందుకని స్పీకర్లను కిందికి దించి, రెండు చిన్న స్టూళ్ల మీద, మేము కూర్చునే చోటికి నాలుగడుగుల్లో పెట్టిన. గోడకు, మూలకు ఆనించలేదు. మూలకు పెడితే మొద్దు మోత పెరిగి గోడలో నుంచి పక్కింటికి పోతది. కింద పాత చద్దరు మడత వేసిన. బేస్ తగ్గించి, ట్రెబుల్ కొంచెం పెంచిన. వాల్యూమ్ ఇదివరకటి దాంట్ల సగం కూడ లేదు, మాట తెలుస్తున్నది. ఆంప్లిఫయర్ ఎత్తు పీట మీద, ఇల్లు తుడిచే నీళ్లు తగలకుండ, ఆమె చేతికందే చోట ఉంది. ఎంత పెట్టాలో ఇప్పుడు ఆమే చూసుకుంటది.

ఇంకా షెడ్డులకు పోయేటోళ్లకు ఒక మాట. చేయిచాపు దూరంల ఉన్నోడికి అరిచి చెప్పాల్సి వస్తే ఆ చప్పుడు చెవికి చేటే. దూది ఉండలు పెద్దగ ఆపవు, ఇయర్ ప్లగ్గులు అడగండి. శబ్దం వల్ల వచ్చే చెవుడు చట్టం చెప్పే జబ్బుల పట్టికలో ఉన్నది. అడగడానికి సిగ్గు పడే పని లేదు. పోయింది తిరిగి రాదు.

నేను వచ్చే వారం చెవి డాక్టర్ దగ్గరికి పరీక్షకు పోతున్న. మా ఆమెను కూడ రమ్మన్న. ఆమె ఏండ్ల తరబడి సాంచాల పక్కనే కండెలు చుట్టింది.